నంబరు చూసి ఎక్కండి

ఎదురుగా వస్తున్న తెల్ల కారు అదే పనిగా హారన్ కొట్టింది. నడుపుతున్న కుర్రాడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఎల్వినా కూడా ఊపింది. ప్రాలిన్ దీవిలో ఎదురుపడ్డవాళ్ళకి చెయ్యి ఊపకపోతే పొగరనుకుంటారు.

కాసేపటికి అద్దంలో చూస్తే, ఆ కారు వెనక్కి తిరిగి తన వెంటే వస్తోంది.

"ఓహో, చెయ్యి ఊపితే చాలు కాబోలు అయ్యగారికి!" అనుకుని వేగం పెంచింది.

పక్క సీట్లోని బుట్టలోంచి ఇంకో కొబ్బరి మిఠాయి నోట్లో వేసుకుంది. మధ్యాహ్నం ఫెర్రీ దిగేసరికి రేవులో తెల్ల కారు నిలబడి ఉంది, తాళం మ్యాట్ కింద ఉంది. ఈ దీవుల్లో అద్దె కారు అలాగే ఇస్తారు. పక్క సీట్లో మిఠాయి బుట్ట కూడా కనబడింది. రాజధాని విక్టోరియాలో తనూ అద్దె కార్ల ఆఫీసులోనే పనిచేస్తుందని తెలిసి, ఇక్కడివాళ్ళు చేసిన మర్యాద అనుకుని మురిసిపోయింది.

కొండ మలుపులో విసుగొచ్చి కారు ఆపింది. వెనక కారూ ఆగింది.

"ఏం బాబూ, ఆడపిల్లని ఎప్పుడూ చూళ్ళేదా?"

"చూశానండీ. నా కారు తోలుకుపోయిన ఆడపిల్లని మాత్రం ఇప్పుడే చూస్తున్నా."

"మీ కారా?"

"నంబరు చూసుకోండి. నేను తాళం మ్యాట్ కింద పెట్టి, ఫెర్రీ టికెట్ కొనుక్కుని వచ్చేసరికి నాది లేదు. పక్కన అచ్చం అలాంటిదే ఉంది. అద్దం మీద 'ఎల్వినా' అని పేరు కూడా అంటించి ఉంది. మీరేగా? అందులోనే మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చా."

ఆమె నంబరు చూసింది. వెనక కారు అద్దం మీది పేరు చూసింది. రోజూ వచ్చే పర్యాటకులకి "ముందు నంబరు చూసి ఎక్కండి" అని పాఠం చెప్పే నోరు ఆమెది. ఆ నోట్లో ఇంకా కొబ్బరి ఉంది.

"మరి... బుట్ట?" అంది.

"మా అత్త చేసింది. సాయంత్రం పక్క దీవి లా దీగ్‌లో మా చెల్లి నిశ్చితార్థం. అబ్బాయి వాళ్ళమ్మ ఆ మిఠాయి తింటేనే మాట ఖాయమైనట్టు." అతను బుట్టలోకి తొంగిచూశాడు. అడుగున విరిగిన ముక్కలే ఉన్నాయి.

తిడితే బాగుండేది. ఎల్వినాకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"నేనూ వస్తాను. మీ ఇంట్లో నేనే చెప్తాను," అంది.

"మా నాయనమ్మ సంగతి మీకు తెలీదు."

"అయినా వస్తాను."

కార్లు రెండూ రేవులో వదిలి ఎక్కిన ఆఖరి ఫెర్రీలో అతని పేరు డానియో అని తెలిసింది. వాన జల్లు కొడుతుంటే అతను ఖాళీ బుట్టని ఆమె నెత్తిన పట్టాడు. ఆమెకి మరీ సిగ్గేసింది.

లా దీగ్‌లో వాకిలి నిండా సైకిళ్ళు, ఇంటి నిండా చుట్టాలు. ఎల్వినా మధ్యలో నిలబడి, "మిఠాయంతా నేనే తిన్నాను. కారు కూడా నేనే ఎత్తుకుపోయాను. క్షమించండి," అంది. తల ఎత్తలేకపోయింది.

నాయనమ్మ ఆమెని కిందినుంచి పైదాకా చూసింది. "బాగుందా?"

"చాలా బాగుందండీ." ఏడుపొచ్చేసింది.

"అయితే ఏడుపెందుకే? తిన్నదానివి నువ్వేగా, కొబ్బరి కోరు. ఒరే డానియో, కాయలు కొట్టివ్వు. వియ్యపురాలా, కాసేపు ఓపిక పట్టమ్మా!"

వియ్యపురాలు పగలబడి నవ్వింది. ఎల్వినా కోరింది, పాకం కలిపింది, చెయ్యి కాల్చుకుంది. తొలి ముక్క వియ్యపురాలు తినేదాకా ఊపిరి పీల్చలేదు.

మర్నాడు ఇద్దరూ ప్రాలిన్ రేవులో దిగేసరికి, తెల్ల కార్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

"మీదేదో ఈసారైనా తెలుసా?" అన్నాడు డానియో.

ఎల్వినా వంగి రెండు నంబర్లూ పైకి చదివింది. తర్వాత అతని కారు తలుపు తీసి, పక్క సీట్లో కూర్చుంది.

"అది నాదండీ!"

"తెలుసు. నంబరు చూసే ఎక్కాను."

మొహం కందిపోయినా ఈసారి తల దించుకోలేదు.

"మరి నీ కారు?" అన్నాడు డానియో.

"తాళం మ్యాట్ కింద పెట్టాను. అద్దెకిచ్చినవాళ్ళే తీసుకెళ్తారు. నువ్వు పోనీ."