మోగని పలక

ఆ ఇంట్లోకి ఊరికే రమ్మన్నా ఎలకలు కూడా రావని మా వీధిలో ఒక మాట ఉండేది. వీధి చివర రెండంతస్తుల పాత ఇల్లు, పైన ఏటవాలుగా లేచిన పెద్ద కప్పు. ఆ కప్పంతా నల్ల పలకలు. బడిపిల్లలు రాసుకునేవి కావు, అచ్చమైన రాతి పలకలు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కించి మేకులు కొట్టినవి. ఏడేళ్ళుగా ఆ ఇంట్లో దీపం వెలిగించినవాడు లేడు. ఎందుకంటే, రాత్రి పది దాటితే ఆ కప్పులోంచి చప్పుడు...

టక్... టక్... టక్...

గాలికి ఏ రేకో కొట్టుకుంటుంటే ఎవరికీ భయం ఉండేది కాదు. ఈ చప్పుడికి ఒక వరస ఉంది. ఒక పలక మీద ఒక దెబ్బ, పక్క పలక మీద ఇంకో దెబ్బ. ఆ వరస అయిపోయాక పై వరస. అలా పలక పలకనీ కొట్టి చూసే అలవాటు మా వీధిలో ఒక్కడికే ఉండేది. అతను ఆ కప్పు మీద నుంచే పడి చచ్చిపోయాడు.

ఇది నేను కళ్ళారా చూసింది కాదు, విన్నది. చెప్పింది మాత్రం దారినపోయేవాడు కాదు — పోయినవాడి సొంత తమ్ముడు. ఆయన చెబుతుంటే మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళిపోదామనుకున్నాను. భయం వేసి కాదు, ఒళ్ళు మండి.

అన్నదమ్ములిద్దరిదీ పలకల పనే. పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ అనేవాళ్ళం. పెద్దాయనకి చాదస్తం ఎక్కువ. ప్రతి పలకనీ చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. మంచి పలకైతే ఖంగున మోగుతుంది. లోపల వెంట్రుకంత పగులున్నా సరే, డబ్‌మంటుంది. పిల్లని చూడ్డానికి వెళ్ళినవాడు కూడా ఇంత పరీక్ష పెట్టడని అందరూ నవ్వేవాళ్ళు. పలకకి రెండు రాగి మేకులు పడాలి, అవీ మరీ బిగించి కొట్టకూడదు, పలక మేకుకి తేలిగ్గా వేలాడాలి — ఇదీ ఆయన లెక్క.

తమ్ముడిది ఇంకో లెక్క. అయిందనిపించుకుంటే చాలు.

ఆ రోజు సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. చిన్న మేస్త్రీ ఆఖరి పలక వేస్తున్నాడు. సంచిలో రాగి మేకులు అయిపోయాయి. తెచ్చుకోవాలంటే నిచ్చెన దిగి మళ్ళీ ఎక్కాలి. జేబులో చెయ్యి పెడితే ఒక ఇనప మేకు తగిలింది. ఒకటే. ఒక్క మేకే కదా అని గట్టిగా బిగించి కొట్టాడు. పలక లోపల ‘టిక్’మంది...

ఆ చప్పుడు విన్నాడట. విని కూడా, రేపు చూద్దాంలే అనుకున్నాడట. ఆ మాట దగ్గరే నేను మొదటిసారి లేవబోయాను.

తెల్లారి కప్పు మీదికి ముందు ఎక్కింది అన్న. తమ్ముడు వేసిన పలకే కదా అని నమ్మి మోకాలు ఆనించాడు. పలక సగానికి విరిగింది. కింది సగంతో పాటు ఆయనా కిందికి జారిపోయాడు. పై సగం మాత్రం పై వరస పలకల చాటున, ఆ ఇనప మేకుని పట్టుకుని అలాగే ఉండిపోయింది. మర్నాడు చిన్న మేస్త్రీయే ఎక్కి ఆ సందులో రేకు ముక్క ఒకటి తోసి వచ్చాడు.

“తాగి ఎక్కాడా?” అని అడిగాడు ఆ ఇంటి యజమాని.

పెద్దాయన జన్మలో ఎన్నడూ సీసా మూత తీసినవాడు కాదు. ఆ సంగతి తమ్ముడి కన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. తమ్ముడు నేల చూపులు చూశాడు... తల ఊపాడు.

అంతే. ఆ ఒక్క ఊపుతో అన్న తాగుబోతైపోయాడు. అన్న భార్య ఇంట్లో కూర్చుని మేస్త్రీలందరి పలకలకీ మేకుల బెజ్జాలు కొట్టి పెట్టేది. ఆమె చెయ్యి పడితే పలక చిట్లదని పేరు. తాగుబోతు ఇంటి నుంచి వచ్చిన పలకలు మాకొద్దని ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు అనడం మొదలుపెట్టారు. నెల తిరక్కుండా ఆమె గుమ్మంలోకి పలక రావడం ఆగిపోయింది. ఆ తర్వాత నాలుగిళ్ళలో అంట్లు తోముకుని బతికింది. మరిది అప్పుడప్పుడు వెళ్ళి గుమ్మంలో నిలబడి, “ఏమైనా కావాలా వదినా?” అనేవాడు. “నాకేం కావాలయ్యా” అనేది. అంతకన్నా ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు.

కప్పులో చప్పుడు మొదలైంది ఆ ఏడాదే. చిన్న మేస్త్రీ ఇల్లు అక్కడికి నాలుగిళ్ళ అవతల. రోజూ రాత్రి వినేవాడు. దుప్పటి ముసుగేసుకుని వినేవాడు.

ఏడేళ్ళకి ఆ ఇల్లు చేతులు మారింది. కొన్నాయన మొండివాడు — దెయ్యం లేదు, నా బొంద లేదు, ఆ పలకలన్నీ పీకించి రేకులు వేయిస్తానన్నాడు. మర్నాడు పొద్దున్నే పొరుగూరి మేస్త్రీలు వస్తున్నారని తెలిసింది. అప్పుడు పట్టుకుంది చిన్న మేస్త్రీకి అసలు భయం.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. బెజ్జం కొట్టేటప్పుడే పలక తలవైపు, వెనక పక్క, గుర్తు గీస్తారు. రేపు కప్పు కారితే ఎవరి పలక వాళ్ళే ఎక్కి మార్చాలి, ఒకడి తప్పు ఇంకొకడి నెత్తిన పడకూడదు. అన్నది ఒక గీత, తమ్ముడిది రెండు గీతలు. ఆ సగం పలకని ఎవరు పీకి తిప్పి చూసినా, రెండు గీతలూ తుప్పు పట్టిన ఇనప మేకూ కలిసి కథంతా చెప్పేస్తాయి. ఏడేళ్ళు అన్న శవం మీద నిలబెట్టుకున్న పేరు పొద్దున్నే గంగలో కలిసిపోతుంది. ఎలాగైనా ఆ రాత్రే ఆ ముక్కని మాయం చెయ్యాలి.

పదిన్నరకి బయల్దేరాడు. పెరటి తలుపు తోస్తే తెరుచుకుంది. గడియ ఎవరు తీశారా అని ఆలోచించేంత తీరిక లేదు ఆయనకి.

మెట్లెక్కాడు. మేడ మీది గది, ఆ పైన అటక. అటక మీదికి పోతే కప్పు పలకల వెనక పక్కంతా చేతికి అందుతుంది. టార్చి ఉంది కానీ వెయ్యలేడు — పలకల సందుల్లోంచి వెలుగు బయటికి పోతే వీధంతా చూస్తుంది. చీకట్లో తడుముకుంటూ అటక మీదికి పాకాడు. దుమ్ము వాసన... గబ్బిలాల వాసన...

టక్.

ఊపిరి బిగబట్టాడు.

టక్... టక్...

బయట నుంచి కాదు. లోపలి నుంచే. ఆ చివర, చీకట్లో. పలక తర్వాత పలక... ఒక్కో దెబ్బా దగ్గరికి వస్తోంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య కాస్త ఆగుతోంది — అన్న ఆగినట్టే, చెవి పెట్టి విన్నట్టే...

టక్... టక్... టక్...

వెనక్కి పాకుదామంటే కాళ్ళు రాలేదు. చప్పుడు ఇప్పుడు నాలుగు బారల దూరంలో ఉంది... రెండు బారలు... తల పైన...

డబ్.

మోగలేదు. అక్కడితో ఆగిపోయింది.

చీకట్లో ఎవరో దగ్గరగా వంగారు. చెవి పక్కనే ఊపిరి తగిలింది. గుసగుసగా ఒక మాట —

“వచ్చావా...”

“అన్నయ్యా...” అన్నాడు ఈయన. మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ జోడించాడు. “అన్నయ్యా, ఆ రోజు... ఆ మేకు...”

అగ్గిపుల్ల భగ్గుమంది.

వదిన.

చిక్కిపోయిన మొహం, నెరిసిన జుట్టు, చేతిలో కొవ్వొత్తి ముక్క. వేలి కణుపులు కాయలు కాసి ఉన్నాయి. చిన్న మేస్త్రీకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఏడేళ్ళుగా వీధి వీధంతా తలుపులు బిగించుకున్నది ఈమెకా!

“నువ్వా వదినా! ప్రాణం పోయిందనుకో... ఇన్నేళ్ళూ నువ్వేనా?”

“నేనే,” అంది. “మీ అన్న పలక మీద అజాగ్రత్తగా మోకాలు పెట్టే మనిషి కాదు. ఏ పలక మోసం చేసిందో చూద్దామని వచ్చేదాన్ని. ఆయన నేర్పిన చెవి ఉందిగా నాకు.” కొవ్వొత్తి పైకెత్తింది. “ఇదిగో, ఇది మోగట్లేదు. నాకేమో కళ్ళకి పొరలొచ్చాయి మరిదీ, దీపం పెట్టినా మసకే. గుర్తు కనపడట్లేదు. కాస్త చూసి చెప్పు. ఒక గీతా... రెండా?”

చూశాడు. తుప్పు మేకు. దాని పక్కన రెండు గీతలు. నిన్న గీసినట్టున్నాయట.

ఆమె మొహం చూశాడు. కళ్ళలో నిజంగానే తెల్లటి పొరలున్నాయి. గుండె కుదుటపడింది. తన కొట్టుకుపోతున్న పేరు మళ్ళీ ఒడ్డుకి వచ్చినట్టనిపించింది.

“ఒకటే గీత వదినా,” అన్నాడు. “అన్నయ్యదే.”

అక్కడ రెండోసారి లేచాను నేను. ఆయన నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. “వినండి, ఇంకాస్తే ఉంది” అన్నాడు.

వదిన చెయ్యి చాచి, బొటనవేలు ఆ పలక మీద ఆనించి మెల్లగా జరిపింది. వేలు ఒకచోట ఆగింది. ఇంకాస్త జరిగి మళ్ళీ ఆగింది.

“ఒకటి...” అంది. “రెండు.”

బెజ్జాలు కొట్టిందీ, గుర్తులు గీసిందీ ఆ చెయ్యే. అన్నవీ ఈయనవీ వేల పలకల మీద గీసిన చెయ్యి. దానికి కళ్ళతో ఏం పని? ఆ సంగతి ఆయనకి అప్పటిదాకా తట్టనే లేదట.

“ఇది దొరికి నాలుగేళ్ళయింది మరిదీ,” అంది వదిన. గొంతులో కోపం కూడా లేదట. “మీ అన్నని నువ్వు కావాలని పడెయ్యలేదు, అది నాకు తెలుసు. పనిలో అందరికీ తప్పు జరుగుతుంది. నీ నోటితో నువ్వు చెబితే చాలనుకున్నాను. ఈ చప్పుడు విని ఒక్క రాత్రైనా రాకపోతావా అని, రోజూ వచ్చి కొడుతూనే ఉన్నాను.”

ఆమె కొవ్వొత్తి ఊదేసింది. చీకట్లో పైట దులుపుకుంటున్న చప్పుడు, మెట్ల వైపు తడుముకుంటూ పోతున్న అడుగుల చప్పుడు. అటక అంచు దగ్గర ఆగింది.

“తప్పు నాదేలే,” అంది. “అగ్గిపుల్ల గియ్యకుండా ఉండాల్సింది. దెయ్యానికైతే నిజం చెప్పేవాడివి.”