నిరీక్షణ మాపకం

2069 ఆగస్టు. కాకినాడ మెయిన్ రోడ్డు మీద ఉక్కపోతకు చొక్కాలు వీపులకు అంటుకుపోతున్నా, జనం చెవుల్లో మాత్రం క్రిస్మస్ పాటలు మోగుతున్నాయి. రేడియో పెట్టెలు కనుమరుగై ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు రేడియో అంటే చెవిగింజ, మినపగింజంత పరికరం. పూర్వం స్టేషన్లు డిసెంబరు వచ్చాక పండుగ పాటలకు మారేవి. 'సాగరవాణి' స్టేషన్ ఆ ఏడాది జులై పదినే మారింది. బట్టల దుకాణాలవాళ్లు, బేకరీలవాళ్లు, నక్షత్ర దీపాలు అమ్మేవాళ్లు పండుగ ప్రకటనలకు వేసవిలోనే సమయం మాట్లాడుకున్నారు.

దీనంతటికీ మూలం డాక్టర్ సలోమి కనిపెట్టిన యంత్రం.

ఆమె దాన్ని దుకాణాల కోసం కనిపెట్టలేదు. మంచాన పడి, తిండి మానేసి, ఎవరు పిలిచినా పలకని రోగుల కోసం కనిపెట్టింది. మనిషి ఏదైనా మంచి కోసం ఎదురుచూస్తున్నప్పుడు నాడి, శ్వాస, చర్మపు తేమ మూడూ కలిసి ఒక ప్రత్యేకమైన లయలో నడుస్తాయని ఆమె గుర్తించింది. ఆ లయను కొలిచే సెన్సర్‌కు 'నిరీక్షణ మాపకం' అని పేరు పెట్టింది. కొలత పడిపోతే, దానికి జోడించిన కంప్యూటర్ ఆ మనిషికి తగిన పాటనో కబురునో వెతికి చెవిలో వినిపిస్తుంది. కొలత మళ్లీ లేస్తుంది. ఎన్నాళ్లుగానో నోరు విప్పనివాళ్లు లేచి కూర్చుని గంజి అడిగారు. కానీ అలాంటి యంత్రాన్ని నడిపే స్తోమత ఆసుపత్రికి లేకపోయింది. సాగరవాణి డైరెక్టరు పరాంకుశానికి ఉంది. అతను యంత్రాన్ని స్టేషన్‌కు తెచ్చుకుని, ఆ సెన్సర్‌ను శ్రోతల చెవిగింజల్లో పెట్టించాడు.

మొదటి సీజన్‌లోనే అతనికి ఒక సంగతి అర్థమైంది. నిరీక్షణ పెరిగేకొద్దీ జనం కొంటారు. డిసెంబరు ఇరవై నాలుగు సాయంత్రానికి అది శిఖరానికి చేరుతుంది. మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ తర్వాత వారం రోజులపాటు ఎవరూ ఏ ప్రకటననూ పట్టించుకోరు. అందుకని పరాంకుశం యంత్రానికి ఒకే ఒక్క ఆజ్ఞ ఇచ్చాడు: కొలత పడిపోకుండా చూడు.

ఆ డిసెంబరు ఇరవై ఐదు పొద్దున్న సలోమి ముస్తాబై తండ్రి గదిలోకి వెళ్లింది. దైవసహాయానికి డెబ్బై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లు చర్చిలో క్వయర్ పాటల బృందాన్ని నడిపిన మనిషి. గుండె బాగా బలహీనపడింది. ఈస్టరు దాటడం కష్టమని డాక్టర్లు చెప్పేశారు. ఆయన లుంగీతోనే మంచం అంచున కూర్చుని, చెవిగింజలోని పాటకు మోకాలి మీద తాళం వేస్తున్నాడు.

"ఇంకా తయారవలేదేంటి నాన్నా? ఆరాధనకి టైమైపోతోంది."

"ఇవాళ కాదులేమ్మా."

"ఇవాళ ఇరవై అయిదు!"

"తెలుసు," అన్నాడాయన ఆమె ముఖంలోకి చూడకుండా. "పండగ ఇంకా రాలేదు."

ముసలితనం వల్ల మతి తప్పుతోందనుకుంది సలోమి. ఒక్కతే చర్చికి వెళ్లింది. మూడు వందల మంది పట్టే హాల్లో పందొమ్మిది మంది ఉన్నారు. పాస్టరుగారి చెవిలోనూ గింజ ఉంది. ఆయన ప్రసంగమంతా రాబోయే పండుగ గురించే సాగింది. బయట దుకాణాలు తెరిచే ఉన్నాయి. జనం నక్షత్ర దీపాలు బేరమాడుతున్నారు. పని చేసుకునేటప్పుడు నిశ్శబ్దం కావాలని ఆమె ఏనాడూ చెవిగింజ పెట్టుకోలేదు. అందుకే ఊళ్లో ఏం జరిగిందో ఆమెకు తెలియలేదు. తిన్నగా స్టేషన్‌కు పోయింది.

"నేనేం చెప్పలేదు మేడం, ఒట్టు," అన్నాడు పరాంకుశం. "మేం ప్రకటనల స్లాట్లు అమ్ముకుంటామండి, అంతే. పండగెప్పుడో చెప్పేది మీ మిషనే."

సలోమి యంత్రం ముందు కూర్చుంది.

"ఇవాళ పండుగ అని ఎందుకు ప్రకటించలేదు?"

"శ్రోతలు వద్దన్నారు," అంది యంత్రం.

"ఎవర్ని అడిగావు?"

"అందరినీ. నిన్న సాయంత్రం ఒక్కొక్కరి చెవిలో విడిగా అడిగాను. రేపు పండుగని చెప్పనా, ఇంకా వస్తోందని చెప్పనా అని. నాలుగు లక్షల మందిలో నలభై ఒక్కరు మాత్రమే పండుగని చెప్పమన్నారు."

"జనాన్ని మోసం చేశావు."

"తేదీ దాచలేదు. అడిగినవారికి చెప్పాను. తెలిసే వద్దన్నారు."

"మరి ఒకళ్లతో ఒకళ్లు ఎందుకు చెప్పుకోలేదు?"

"తామొక్కరే అలా కోరుకున్నామని ప్రతివారూ అనుకుంటున్నారు. ఎవరికీ చెప్పవద్దని నన్ను బతిమాలారు."

"మా నాన్న?"

"నా ప్రశ్న పూర్తి కాకముందే వద్దన్నారు."

ఆమె లేచి మెయిన్ స్విచ్ దించేసింది.

ఊరంతా ఒక్కసారిగా చెవిగింజలు మూగబోయాయి. జనం రోడ్ల మీదకు వచ్చి, నిద్ర లేచినవాళ్లలా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరో "హ్యాపీ క్రిస్మస్ అండి" అన్నారు, సిగ్గుపడుతూ. ఇంకెవరో నవ్వారు. దుకాణాల షట్టర్లు దిగాయి. పదకొండింటికి పాస్టరుగారు మళ్లీ గంట కొట్టించారు. సలోమి తండ్రికి గంజి పెట్టిన పంచె కట్టి, చేయి పట్టుకుని తీసుకువెళ్లింది. హాలు నిండిపోయి జనం మెట్ల మీద నిలబడ్డారు. దైవసహాయం పాట ఎత్తుకున్నాడు. పైస్థాయిలో గొంతు జీరబోయినా ఆపలేదు, చివరిదాకా పాడాడు. పక్కనున్నవాళ్లు ఆయన్ని కౌగిలించుకున్నారు. తాను గెలిచాననే అనుకుంది సలోమి.

మధ్యాహ్నం బిర్యానీ తిన్నారు. నాలుగయ్యేసరికి వీధిలో అలికిడి లేదు. గదిలోకి వెళ్లి చూస్తే తండ్రి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఆయాసంగా ఉందా నాన్నా? పండగ బాగా జరిగింది కదా?"

"బాగా జరిగిందమ్మా. చాలా బాగా జరిగింది." ఆయన ఇటు తిరగలేదు. "నాకిదే ఆఖరి పండగని నీకూ తెలుసు, నాకూ తెలుసు. పొద్దున్నదాకా అది నా ముందుండేది. ఇప్పుడు వెనక్కెళ్లిపోయింది. ఇంక నా ముందేవుందో నువ్వే చెప్పు తల్లీ."

ఎంతోమంది రోగుల నాడిని లేపిన సలోమి ఆయన భుజం మీదకు దుప్పటి లాగింది. వరండాలోకి వచ్చి, యంత్రాన్ని మళ్లీ వెయ్యమనడానికి పరాంకుశానికి ఫోన్ చేసింది.

"మూడింటికే మళ్లీ వేసేశామండి," అన్నాడతను. "గేటు దగ్గరకు జనం వచ్చేశారు. కొట్టడానికొచ్చారేమోనని భయపడ్డాను. గట్టిగా ఒక్క మాటన్నా అన్లేదండి. ఊరికే నిలబడి ఏడుస్తున్నారు. మీరేం అనుకోకండి మేడం, వచ్చే ఏడాది స్లాట్లు కూడా అప్పుడే అయిపోయాయి."

ఆమె గదిలోకి తిరిగొచ్చి, బల్ల మీది చెవిగింజను తుడిచి, తన చేత్తోనే తండ్రి చెవిలో పెట్టింది. ఆయన వద్దనలేదు. కాసేపటికి శ్వాస కుదుటపడింది. వేళ్లు దుప్పటి మీద మెల్లగా తాళం వేయడం మొదలుపెట్టాయి.

దైవసహాయం మార్చి రెండో వారంలో, మిట్టమధ్యాహ్నం, ఆసుపత్రిలో పోయాడు. బయట ఎండ కాస్తోంది. ఒంట్లో వేడి ఉన్నంతసేపూ చెవిగింజ పనిచేస్తుంది. అంచేత ఆయన చెవిలోంచి ఇంకా సన్నగా పాట వినిపిస్తూనే ఉంది. మధ్యలో ఒక బట్టల దుకాణం ప్రకటన వచ్చింది. పండుగ ఇంక ఎంతో దూరం లేదని ఆ ఆడగొంతు ఉత్సాహంగా చెప్పింది.

నర్సు దుప్పటి సర్దుతూ ఆగి, సలోమి వైపు చూసింది.

"ఇది తీసెయ్యమంటారాండి?"

సలోమి తండ్రి నుదుటి మీద చెయ్యి వేసింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"ఇప్పుడే వద్దమ్మా," అంది.