ఎడమ పోస్టు మీద రెండు దెబ్బలు

"ఇంకోసారి ఆ పోస్టు మీద కొట్టావంటే ఈ కాఫీ నీ నెత్తిన పోస్తాను."

వెస్ పెన్‌హేల్ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. గోలు వెనకాల, ఇనప వలకి అవతల, కాఫీ కూజా పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆమె మొహం ఎర్రగా కందిపోయింది. అది చలికో కోపానికో అతనికి అర్థం కాలేదు.

"నేను కొట్టలేదండీ."

"మరి మీ తాత కొట్టాడా? నా చెవులతో విన్నాను. టక్ టక్ అని రెండుసార్లు."

"నా హాకీ కర్ర చూడండి, మంచు మీదే ఉంది. చప్పుడు నేనూ విన్నాను. మీరే కొట్టారేమో అనుకున్నాను."

ఆమె అతని కర్ర వంక చూసింది, తర్వాత ఎడమ పోస్టు వంక చూసింది. మొహంలో ఉన్న ఎరుపంతా ఎటు పోయిందో పోయింది. ఇంకో మాట అనకుండా కాఫీ కొట్టు వైపు వెళ్ళిపోయింది.

"ఒరేయ్ వెస్, మూడేళ్ళకి ఒక అమ్మాయి నీతో మాట్లాడింది. దాన్ని కూడా తరిమేశావు," అని జట్టులో ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు.

అది పందొమ్మిది వందల యాభై ఒకటి, డిసెంబరు. రాగి గనుల ఊళ్ళో వెస్ చదివే మైనింగ్ కాలేజీది మంచు మీద రబ్బరు బిళ్ళతో ఆడే హాకీ. దాని మైదానం అంటే పెద్ద చెక్కల షెడ్డు. నీళ్ళు పోసి తలుపులు బార్లా తెరిస్తే, సుపీరియర్ సరస్సు మీది గాలి వచ్చి గడ్డకట్టించేది. ఆ గాలికి దూలాలు మూలిగేవి, బల్బులు ఊగేవి. అన్ని చప్పుళ్ళ మధ్య ఇంకో చప్పుడు ఎవరికి పట్టింది? వెస్ కూడా మర్చిపోయాడు, మొదటి మ్యాచి దాకా.

ఆ రోజు గోలు కాసే అసలు గోలీ బొటనవేలు విరిగింది. కోచ్ బ్రోడీ బల్ల మీద మిగిలినవాళ్ళని చూసి నిట్టూర్చాడు.

"ఒరేయ్ పెన్‌హేల్, వెళ్ళి నిలబడు. ఆట నీకు ఎలాగూ రాదు. కనీసం బిళ్ళకి అడ్డంగా పడు."

వెస్ వెళ్ళి గోల్లో నిలబడ్డాడు. ముందు పదిమంది ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు, రబ్బరు బిళ్ళ ఎక్కడుందో కనపడటం లేదు. అప్పుడు వినిపించింది, టక్ టక్ అని, ఎడమ పోస్టు మీద. మెడ మీద ఎవరో చల్లగా ఊపిరి వదిలినట్టయింది. బుద్ధికి తెలిసేలోపు ఒళ్ళు ఎడమ పక్కకి వాలిపోయింది. చూసుకుంటే బిళ్ళ చేతి తొడుగులో ఉంది.

ఇక అక్కణ్ణుంచి ప్రతి మ్యాచిలోనూ అదే వరస. ఎడమ పక్క నుంచి వస్తే ఎడమ పోస్టు మీద, కుడి పక్క నుంచి వస్తే కుడి పోస్టు మీద. జనవరి సగమయ్యేసరికి కాలేజీ ఓటమి అనే మాటే మర్చిపోయింది. ఊరంతా వెస్‌ని గోడ అని పిలిచేది. గోడకి మాత్రం లోపల భయంగానే ఉండేది. బట్టలు మార్చుకునే గదిలో అతని పక్క కొక్కెం ఖాళీ. దానికి ఎవరూ ఏదీ తగిలించరు. కానీ మ్యాచి అయ్యాక దాని కింద నీళ్ళ మడుగు ఉండేది.

ఈ భయంలో ఒక్కటే సుఖం. కాఫీ కొట్టు అమ్మాయి, ఐలి కాంగాస్, మ్యాచి మొదలవగానే కొట్టు వదిలేసి అతని గోలు వెనకాలే వచ్చి నిలబడేది. అది ఎవరికోసమో వెస్‌కి వేరే చెప్పాలా?

"ఇది నాలుగో కప్పు. రాత్రికి నిద్ర పట్టదు నీకు," అంది ఐలి ఒకరోజు.

"ఎలాగూ పట్టట్లేదు."

"ఏం, ఎందుకని?"

"కాఫీ వల్లే," అన్నాడు వెస్. అంతకంటే ధైర్యం చాల్లేదు. ఆమె పెదవి కొరికి నవ్వు ఆపుకోవడం చూశాక కాస్త వచ్చింది. "సీజను అయ్యాక శనివారం డాన్సు ఉంది. వస్తావా నాతో?"

నవ్వు ఆగిపోయింది. "ముందు ఒకసారి మా ఇంటికి రా. ఆ తర్వాత కూడా అడగాలనిపిస్తే అడుగు."

వెళ్ళాడు. వాళ్ళమ్మ హిల్మా యాలకుల రొట్టె కోసి పెట్టింది, మాట మాత్రం ఎక్కువ లేదు. వంటింటి తలుపు గాలికి మాటిమాటికీ తెరుచుకుంటోంది, మంచు లోపలికి కొడుతోంది. వెస్ మర్యాదకి లేచి గడియ పెట్టబోయాడు.

"ఉండనీ బాబూ," అంది హిల్మా. "మావాడు రావాలి."

గోడ మీద గోలీ వేషంలో ఒక కుర్రాడి ఫొటో ఉంది. తిరిగి వెళ్తుంటే సగం దారి దాకా సాగనంపుతూ ఐలి చెప్పింది.

"మా అన్న రెయినో. రెండేళ్ళ కిందట నువ్వు నిలబడే గోల్లోనే నిలబడేవాడు. మొదటి మంచు పడ్డ వారంలో, ప్రాక్టీసు అయ్యాక అడ్డదారి అని సరస్సు మీదుగా నడిచొచ్చాడు. మంచు ఇంకా గట్టిపడలేదు. సరస్సు వాణ్ణి తిరిగి ఇవ్వలేదు."

వెస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బిళ్ళ ఎటు నుంచి వస్తుందనిపిస్తే ఆ పోస్టు మీద రెండు దెబ్బలు వేసేవాడు. అది వాడి అలవాటు. ఇంటికొచ్చినప్పుడు వంటింటి తలుపు మీద కర్రతో మూడు. ఆ మూడు దెబ్బల కోసమే అమ్మ గడియ పెట్టదు."

"అయితే నువ్వు గోలు వెనకాల నిలబడేది..."

"వాడు కొడితే విందామని," అంది ఐలి మెల్లగా.

పోయినవాడి మీద అసూయ పడటం ఎంత సిగ్గుచేటో వెస్‌కి తెలుసు. అయినా పడ్డాడు. గెలుపులూ అతనివి కావు, ఆ చూపులూ అతనివి కావు.

"మ్యాచి మధ్యలో వదిలేసి రావడం వాడికి చేతకాదు," అంది ఐలి. "గోల్లో వాడితో పనున్నంత కాలం వాడు ఇంటికి రాడు. ఇంకెక్కడికీ పోడు కూడా."

"నేనే వెళ్ళమంటే?"

ఆమె నడుస్తున్నదల్లా ఆగిపోయింది. "అనగలవా?"

"అంటే నువ్విక గోలు వెనకాలకి రావేమో."

ఐలి శాలువా బిగించుకుని ఇంటి వైపు తిరిగింది. అదే జవాబు అనుకుని వెస్ హాస్టలుకి నడిచాడు.

చివరి మ్యాచి గెలిస్తే కప్పు. మూడు భాగాల ఆటలో రెండు అయ్యేసరికి చెరి రెండు గోల్స్. విరామంలో అందరూ లోపలికి వెళ్ళారు, వెస్ వెళ్ళలేదు. గోలు ముందు స్కేట్లతో మంచు గీకుతూ నిలబడ్డాడు. వల వెనకాల ఐలి లేదు, కొట్టు దగ్గర కాఫీలు పోస్తోంది. ఇప్పుడు నోరు మూసుకుంటే కప్పు వస్తుంది. ఆమె కూడా వచ్చి వెనకాలే నిలబడుతుంది, ఈ ఏడూ, వచ్చే ఏడూ. కానీ ఆ వంటింటి తలుపు గుర్తొచ్చింది. పాపం, ఆ తల్లి చలిలో కూర్చునే ఉంటుంది.

అతను ఎడమ పోస్టు మీద చెయ్యి వేశాడు. "రెయినో, ఇంటి దగ్గర మీ అమ్మ తలుపు తీసి పెట్టుకుని కూర్చుంది. ఇక్కడ నేను చూసుకుంటాలే. నువ్వు ఇంటికెళ్ళు."

పైన బల్బు ఒకసారి ఊగి నిలిచిపోయింది. మెడ మీద చలి తగ్గింది. ఇన్నాళ్ళూ తాను ఆ గోల్లో ఒంటరిగా లేడని అప్పుడే గట్టిగా తెలిసింది, ఎందుకంటే ఇప్పుడు ఒంటరిగా ఉన్నాడు.

మూడో భాగంలో ఒక్క దెబ్బా వినపడలేదు. ఉన్న రెండు కళ్ళతోనే వెస్ చేతనైనన్ని ఆపాడు. ఒకటి చెంపకి తగిలి రక్తం కారింది. ఆఖరిది మాత్రం ఎడమ పోస్టు పక్కనుంచే లోపలికి జారిపోయింది, దాంతో కప్పూ పోయింది.

"గోడ బీటలు వారిందేంట్రా," అన్నాడు కోచ్ బ్రోడీ. తిట్టడానికి ఆయనకి ఓపిక కూడా లేదు.

చెంపకి కుట్లు వేయించుకుని వచ్చేసరికి షెడ్డు ఖాళీ అయింది. గోలు వెనక బల్ల మీద ఐలి ఒక్కతే కూర్చుని ఉంది.

"ఇవాళ చప్పుడు రాలేదు," అన్నాడు వెస్.

"తెలుసు."

"ఇంటికెళ్ళమన్నాను. నీకు చెప్పకుండా అన్నాను. కోపం వస్తే కాఫీ నెత్తిన పోసెయ్."

"చప్పుడు లేదని తెలియగానే వెళ్ళిపోదామని లేచాను." ఆమె బల్ల మీద కాస్త జరిగి చోటిచ్చింది. "అప్పుడే నీ చెంపకి తగిలింది. ఇక కాళ్ళు కదల్లేదు. మొదట్లో వాడి కోసమే వచ్చాను, నిజమే. కానీ జనవరి నుంచి నువ్వెక్కడ దెబ్బ తింటావోనని వస్తున్నాను, మొద్దూ. అది నాకే ఇవాళ తెలిసింది."

ఇంటికి వెళ్ళారు. హిల్మా వెస్ చెంప చూసి అయ్యో అంటూ కుర్చీ జరిపింది. కాఫీ కాగుతుండగా గాలి ఒక్కసారిగా పడిపోయింది. ఓరగా ఉన్న తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

ఐలి వెస్ చెయ్యి పట్టుకుంది. హిల్మా వెళ్ళి తలుపు పూర్తిగా తీసింది. బయట ఎవరూ లేరు. కొత్త మంచు మీద ఒక్క అడుగు కూడా లేదు. మెట్టు మీద మాత్రం నీళ్ళ మడుగు ఉంది. అంత చలిలోనూ అది గడ్డకట్టలేదు.

"వచ్చావా నాన్నా," అంది ఆమె. "ఆలస్యమైందిలే. ఏం ఫర్వాలేదు."

చాలాసేపు అలాగే చూసింది. తర్వాత తలుపు మూసి గడియ మీద చెయ్యి వేసింది. రెండేళ్ళ తుప్పు, కదల్లేదు. ఐలి వెళ్ళి చెయ్యి వేసింది, వెస్ కూడా వేశాడు. ముగ్గురూ నొక్కితే గడియ పడింది.

హిల్మా కళ్ళు తుడుచుకుని, కొక్కేనికి ఉన్న కొడుకు కప్పు తీసి, కాఫీ పోసి వెస్ ముందు పెట్టింది.

"డాన్సు శనివారమేగా. దీన్ని పెందలాడే తీసుకురా. తలుపు ఇక మూసి ఉంటుంది, తట్టు."

"ఎన్నిసార్లండీ?" అన్నాడు వెస్.

ఆమె అతని చెంప మీది కుట్ల వంక చూసింది.

"రెండు చాలు. మూడు మావాడివి," అంది.