అవతలి గట్టు మనిషి

"మీరెక్కడున్నారండి?" అన్నాడు మణిదీప్ ఫోన్లో.

"రాజమండ్రిలో. మీ రేవు మెట్ల మీద. మీరు?"

"కొవ్వూరులోనండి. ఇంత ఎండలో మిమ్మల్ని వంతెన దాటించడం బాగోదని నేనే వచ్చేశానండి."

హారతి కళ్ళు మూసుకుని నుదురు కొట్టుకుంది. కొవ్వూరు ఆమెది, రాజమండ్రి అతనిది. నేనే వస్తానని నిన్న చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అన్నింటికీ సరేనండి అన్నాడు మహానుభావుడు.

గోదావరి వంతెనల మీద వెళ్ళే రైళ్ళను ఫోటోలు తీసే పిచ్చివాళ్ళకి ఫేస్‌బుక్‌లో ఒక గ్రూపు ఉంది. హారతి మొదటి ఫోటో పెట్టగానే, "చాలా బాగుందండి. ఏమీ అనుకోకపోతే, మీరు రాసిన రైలు ఇది కాదండి" అని కామెంట్ పెట్టింది ఇతనే. ఆమె ఒంటికాలి మీద లేచింది. అతను సారీ చెప్పాడు. ఎంతసేపు చెప్పాడంటే, పోట్లాడే ఓపిక కూడా మిగల్చలేదు.

ఆ తర్వాత ఒకే రైలును ఈ గట్టు నుంచి ఆమె, ఆ గట్టు నుంచి అతను తీసేవారు. "బండి వంతెనెక్కిందండి, రెడీగా ఉండండి" అని మెసేజ్ పెట్టేవాడు. ఏడాది గడిచేసరికి, రైలు కంటే ఆ మెసేజ్ కోసమే గట్టు మీదికి వెళ్ళడం హారతికి అలవాటైపోయింది. అతనిదీ అదే పరిస్థితని ఆమెకి తెలుసు. కానీ పైకి అనడే. "ముందు మీ మనసులో మాట చెప్పండి" అంటాడు.

ఇవాళ సాయంత్రంలోగా జంగారెడ్డిగూడెం సంబంధం వాళ్ళకి నాన్న మాట ఇచ్చేస్తారు. అబ్బాయికి పామాయిల్ తోట ఉంది, మంచివాడు, వంక పెట్టడానికి ఏమీ లేదు. హారతి భయమంతా అదే.

"అక్కడే ఉండండి. కదిలితే బ్లాక్ చేసేస్తాను" అని బస్సెక్కింది.

వంతెన దాటేలోపే వాన అందుకుంది. కొవ్వూరు రేవులో మనిషి లేడు. ఫోన్ చేస్తే ఎత్తడు. తడిసి ముద్దయి, వచ్చే ఏడుపును ఆపుకుంటూ ఇంటికొచ్చింది.

వసారాలో అరిటాకు ముందు మణిదీప్ కూర్చుని ఉన్నాడు. అమ్మ సత్యకుమారి నెయ్యి వడ్డిస్తోంది.

"వానొచ్చిందండి. ఊళ్ళోకొచ్చి పెద్దవాళ్ళని పలకరించకపోతే బాగోదని, ఇల్లు కనుక్కుని వచ్చాను. అమ్మగారు భోజనం వేళన్నారు. చెయ్యి ఎంగిలండి, ఫోన్ ఎత్తలేకపోయాను."

నాన్న దొరబాబు ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఎవరమ్మా ఈ అబ్బాయి?"

"మీరు అడగలేదా?"

"నీ స్నేహితుడన్నాడు. అన్నం ముందు కూర్చున్న మనిషిని నువ్వెవరని ఎలా అడుగుతామే?"

అంతలో ఆయన ఫోన్ మోగింది. జంగారెడ్డిగూడెం వాళ్ళే. ఆయన మొహమాటంగా అతిథి వైపు చూశాడు.

"ఫర్వాలేదండి, ముందు మీరు మాట్లాడండి" అన్నాడు మణిదీప్.

"తినండి" అంది హారతి. "కడుపునిండా తినండి. నా పెళ్ళికీ వచ్చి, ఆ ఫోన్ చేస్తున్న పెళ్ళివారందరి భోజనాలయ్యాక ఆఖరి బంతిలో తినండి."

మణిదీప్ ఆమె మొహం చూశాడు. ఎంగిలిచేత్తోనే విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

"ఆ ఫోన్ ఎత్తకండి. మీ అమ్మాయంటే నాకు ప్రాణం. నాకిచ్చి చెయ్యండి."

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

"అన్నంలోంచి లేవకూడదు బాబూ, కూర్చో" అంది సత్యకుమారి.

దొరబాబు కూతురి వైపు చూశాడు. "ఏమ్మా?"

"ఏడాది పట్టింది నాన్నా, ఈయన నోట్లోంచి ఈ ముక్క రావడానికి" అంది హారతి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా, నవ్వు ఆగలేదు.

ఆయన కాసేపు ఆ నవ్వే చూశాడు. తర్వాత తనే ఫోన్ చేశాడు.

"ఏమీ అనుకోకండి. మా అమ్మాయికి కుదిరిపోయిందండి. అవునండి, ఇప్పుడే. అబ్బాయా? బుద్ధిమంతుడేనండి. పేరా?"

ఫోన్‌ని చేత్తో మూసి, విస్తరి మీదికి వంగాడు.

"బాబూ, నీ పేరేంటి?"