ఎంగిలాకు

మ్యూజియం వెనక గదిలో పాత బొమ్మల కాగితాలు బాగుచేసే ఆమెను అందరూ అతుకులమ్మ అంటారు. చిరిగినచోట అతికించడం, రంగు రాలినచోట పూడ్చడం ఆమె పని. ఆ పేరు పెట్టింది వాచ్‌మన్. ఆమెకు కోపమేమీ లేదు, పోనీలే, పేరులోనే పని తెలిసిపోతోంది అనుకునేది.

ఆ వారం ఆమె బల్లమీదకు పురుగుల బొమ్మ ఒకటి వచ్చింది. కెమెరాలు లేని కాలంలో మొక్కల్నీ పురుగుల్నీ ఎదురుగా పెట్టుకుని అచ్చుగుద్దినట్టు గీసేవారు. ఒకే కొమ్మమీద పురుగు బతుకంతా చూపించడం వాళ్ల పద్ధతి. ఆకు కింద గుడ్లు, ఆకుమీద గొంగళిపురుగు, కొమ్మకు వేలాడే గూడు, పైన సీతాకోకచిలుక. బడి వదలగానే అక్కడికే వచ్చే కూతురు చిట్టికి ఇవన్నీ కంఠస్థం. గుడ్లు ఆకు కిందే ఎందుకు పెడుతుందని ఒకసారి అడిగింది. పుట్టగానే పిల్లలకు తిండి వెతుక్కునే పని లేకుండా, తినేదానిమీదే పెట్టి వెళ్లిపోతుంది తల్లి, అని చెప్పింది అతుకులమ్మ.

ఈ బొమ్మలో మాత్రం గుడ్లు లేవు, గూడు లేదు, సీతాకోకచిలుకా లేదు. ఎండుకొమ్మ, దానికి ఒకే ఒక్క ఆకు, ఆకు అంచున వేలెడంత నల్లటి గొంగళిపురుగు. ఆకు నడుమ తెల్లగా చిల్లు. మిగతా కాగితమంతా ఖాళీ. ఆ తెలుపు రాలిపోయిన రంగనుకుంది ఆమె. పురుగు కొరికిన చోటును అలా గీశారేమోనన్న ఆలోచన రాలేదు. ఎంత చెయ్యితిరిగినవాళ్లకైనా ఒక్కోసారి కళ్లు మూసుకుపోతాయి.

సాయంత్రం వాన మొదలైంది. ఆకుపచ్చ కలిపి పెట్టుకునేసరికి, వరండా కిటికీలోంచి జల్లు కొడుతోందని వాచ్‌మన్ కేకేశాడు. వెళ్లి కిటికీ మూసి వచ్చేసరికి ఆకు నిండుగా ఉంది. చిల్లు లేదు. చిట్టి చేతిలో కుంచె, కింది పెదవిమీద పచ్చటి గీత.

కుంచె మొన తేలడానికి పెదవుల మధ్య పెట్టి లాగడం అతుకులమ్మకున్న పాడు అలవాటు. వద్దే, అది ఎంగిలి చెయ్యాల్సిన వస్తువు కాదని పని నేర్పిన మేనత్త ఎన్నిసార్లు మొత్తుకున్నా మానలేదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? పిల్లను తిట్టి, నోరు కడిగించింది. కానీ ఆకు చూస్తే ముచ్చటేసింది. తుడిచెయ్యడానికి చెయ్యి రాక వదిలేసింది.

కరెంటు పోయింది.

పాత కాగితాల వాసన మధ్య పచ్చి ఆకు నలిపిన వాసన వచ్చింది. తలుపులన్నీ మూసే ఉన్నాయి. వాన చప్పుడు కింద ఇంకో చప్పుడు... సన్నగా, ఆగి ఆగి. కర... కర...

ఫోన్ లైటు వేసి భూతద్దం తీసింది. అద్దానికి భూతం పేరు ఎవరు పెట్టారో అని ఎప్పుడూ నవ్వుకునే మనిషికి ఇప్పుడు నవ్వు రాలేదు. చిట్టి పూడ్చిన చోట అంచు తెగి ఉంది. గొంగళిపురుగు తల ఇందాక కొమ్మవైపు ఉండేది. ఇప్పుడు ఆకులోకి తిరిగి ఉంది.

"అమ్మా, ఇక్కడ చల్లగా ఉంది."

చిట్టి మోచెయ్యి చాపింది. అక్కడ చర్మానికి రంగు లేదు. రక్తం లేదు, నొప్పి లేదు. కాగితంలా తెలుపు. దాని అంచున రంపపు పళ్లలా చిన్న చిన్న గాట్లు. తడిగుడ్డతో రుద్దింది. పోలేదు. చూస్తుండగానే ఇంకో గాటు పడింది.

అతుకులమ్మ మేనత్తకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"ఎవరి ఎంగిలి తగిలింది?" గొంతు తగ్గించి అడిగింది మేనత్త.

"చిట్టిది."

"నా చిటికెనవేలు తలుపు సందులో నలిగిపోయిందని చెప్పానే... తలుపు కాదమ్మా."

"అత్తా, పిల్ల... ఏం చెయ్యను?"

"ఇంకో ఆకు వెయ్యి. నీ ఎంగిలితో. కడుపు నిండితే వదిలేస్తుంది. ఆ బొమ్మ నా చేతికొచ్చినప్పుడు నేను భయపడి చిన్నాకు వేశాను. అందుకే దానికింకా ఆకలి."

ఆమె ఆలోచించలేదు. ఖాళీ కాగితం మీద అరచేతంత ఆకు మొదలుపెట్టింది. కుంచె నోట్లో పెట్టుకుని లాగడం, గియ్యడం. మళ్లీ లాగడం, మళ్లీ గియ్యడం. పురుగు కదలడం ఒక్కసారీ కనబడలేదు. రంగులో కుంచె ముంచి తల తిప్పేసరికి దగ్గరికి వచ్చి ఉండేది. ఇంకా దగ్గరికి... కొత్త ఆకు అంచుమీదికి...

ఎడమచెయ్యి చల్లబడింది. చిట్టి మోచేతిమీద తెలుపు మెల్లగా తగ్గుతోంది. "తిను" అంది అతుకులమ్మ పళ్లు బిగించి. "నన్ను తిను. దాని జోలికి రాకు."

కర... కర... కర...

ఆగింది.

కరెంటు వచ్చింది. కాగితం మీద ఆకులు లేవు, గొంగళిపురుగు లేదు. కొమ్మకు ఒక గూడు వేలాడుతోంది. నిలువునా చీలి, ఖాళీగా. పైన సీతాకోకచిలుక ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఆమె ఎడమచెయ్యి మోచేతిదాకా తెల్లబడి, మొద్దుబారి ఉంది. పోతే పోయింది. చిట్టి చేతిమీద మచ్చ లేదు. గోడకానుకుని నిద్రపోతోంది. బతికించుకున్నాను అనుకుని, ఆ కూర్చున్నచోటే వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత పిల్లను భుజాన వేసుకోబోయి, మెడమీద అతుక్కున్న జుట్టు పక్కకు తీసింది.

చెవి వెనక, వెంట్రుకల కింద, పసుపుపచ్చటి చుక్కలు. ఆవగింజల్లా, వరసగా. రంగేమోనని బొటనవేలితో తుడిచింది.

రంగు కాదు. వాటిలో ఒకటి అప్పటికే పగిలి ఉంది.