వానలో వంతెన దాటితే

ఆ అమ్మాయి బసవరాజు చేతిలో పావలా పెట్టింది.

బసవరాజు తడిసి ముద్దయి ఉన్నాడు. తనను చూసి జాలిపడిందనుకున్నాడు.

"వద్దండీ, నా దగ్గరుంది" అని తెలుగులోనే అనేశాడు.

అమ్మాయి పకపకా నవ్వింది. "అచ్ఛా, తెలుగువారా! అది మీకు కాదండీ బాబూ. వెనక కూర్చున్న కండక్టరుకి అందించండి. ఢిల్లీకి కొత్తా?"

"మూడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నానండీ."

"ఒక్కసారీ బస్సెక్కలేదా?"

ఏం చెప్పాలి? అతను బస్సెక్కింది రెండువేల ఇరవై నాలుగులో, మయూర్ విహార్‌లో. వానలో యమున వంతెన దాటేసరికి పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఉన్నాడు. మర్నాడు వెనక్కి వెళ్ళి చూస్తే తన ఫ్లాటు ఉండాల్సిన చోట ముల్లంగి తోటలున్నాయి. మళ్ళీ చినుకులు పడ్డాక వంతెన మీద నిలబడి చూశాడు. అవతలి గట్టున మెట్రో స్తంభాలు కనిపించాయి. చినుకులు ఆగాయి, అవీ పోయాయి. గట్టి వానలో వంతెన దాటితే ఇల్లు చేరతానని అతనికి అర్థమైంది.

కరోల్ బాగ్‌లో తాయారమ్మ మెస్సులో వడ్డిస్తూ వాన కోసం కాచుకున్నాడు. అదే వీధిలో టైపు నేర్చుకునే ఆ అమ్మాయి కమలాకుమారితో రోజూ సాయంత్రం దరియాగంజ్ దాకా బస్సులో వెళ్ళేవాడు. ఒకనాడు నిజం చెప్పేశాడు. ఆమె నమ్మిందో లేదో గానీ ప్రశ్నలు మాత్రం ఆపలేదు.

"మీ కాలంలో టికెట్టెలా తీసుకుంటారు?"

"గేటుకి కార్డు ఆనిస్తే చాలు."

"పక్కవాళ్ళతో మాట్లాడరా?"

"ఎవరి చెవుల్లో వాళ్ళకి పాటలు."

"అయితే రోజంతా ఎవరి చెయ్యీ తగలదన్నమాట." చేతిలోని టికెట్టు మడుస్తూ అడిగింది. "అక్కడ మీకోసం ఎవరు ఎదురుచూస్తుంటారు?"

"పావురాలు. గింజలు వేసేవాణ్ణి."

"అంతేనా?"

"అంతే."

వారం తర్వాత గట్టి వాన పట్టింది. దరియాగంజ్‌లో బస్సాగింది. తరవాత వంతెనే.

"వెళ్తున్నారా?"

"ఊఁ."

"ఠీక్ హై" అని కమలాకుమారి దిగిపోయింది.

ఆమె వెనకే ఒక ముసలమ్మ ఇనప పెట్టెతో దిగలేక అవస్థ పడుతోంది. బసవరాజు లేచి పెట్టె కిందికి దించాడు. కండక్టరు ఈల ఊదాడు. బస్సు కదిలిపోయింది.

"అయ్యో, మీ బస్సు!"

"పెట్టె బరువుగా ఉందండీ."

"దించాక కూడా బస్సు ఆగే ఉంది. నేను చూశాను."

"మీరు చూస్తున్నారని నేనూ చూశాను."

కమలాకుమారి తల వంచుకుంది. "మా నాన్న మాజీ సుబేదారు. ఎవరబ్బాయని అడుగుతారు."

"మా నాన్న ఇప్పుడు కర్నూలులో మూడో తరగతి."

ఈసారి ఆమెకి నవ్వు ఆగలేదు. "అయితే సంబంధం మాట్లాడ్డానికి మీరే రావాలి. పదండి" అంటూ గొడుగు అతని వైపు జరిపింది.

ఆమె ఎడమ భుజం తడుస్తోంది. బసవరాజు మరికాస్త దగ్గరగా నడిచాడు.