అమ్మ స్టూలు పొట్టిదైన కథ

"రేపటి నుంచి బార్ పట్టుకోవచ్చు. బరువులు తగిలించని ఖాళీ బార్ మాత్రమే," అంది ఫిజియో.

మా ఆవిడ ఎగరబోయి టక్కున ఆగింది. "మేడమ్, గంతెయ్యొచ్చా?"

"అది ఇంకా వద్దు."

దాంతో ఆ గంతు నేను వేశాను. మోకాలి నొప్పితో వచ్చిన పెద్దాయన ఒకాయన చప్పట్లు కొట్టాడు.

మా ఆవిడ వెయిట్‌లిఫ్టర్. నేను డిగ్రీ చదివిన వడ్రంగిని. జిమ్‌లో వేయడానికి గట్టి చెక్క ప్లాట్‌ఫామ్ కావాలంటూ మొదటిసారి మా షాపుకొచ్చింది.

"దాని మీద ఏం పెడతారండీ?"

"పెట్టను. బరువులు పడేస్తాను. విరిగిందో, తర్వాత మిమ్మల్ని!"

చెక్క విరగలేదు. నా సంగతే చెప్పలేను.

పెళ్ళి కుదిరాక ఒకరోజు, భుజాల మీద బరువుతో కూర్చుని లేస్తుంటే తనకి తుంటి దగ్గరా గజ్జల్లోనూ కండరాలు దెబ్బతిన్నాయి. "ఇంకో ఆట చూసుకోమ్మా," అన్నాడు డాక్టరు.

"ఇక ఎత్తలేకపోతే?" అని పెళ్ళైన మర్నాడు నన్నడిగింది. 'నాకు నువ్వు చాలు' అనబోయి, తన మొహం చూసి ఆ డైలాగ్ మింగేశాను. తనకి నేను చాలను. బార్ కూడా కావాలి.

ఫిజియో చెప్పిన పని ఒకటే. ఎత్తు స్టూలు మీద మెల్లగా కూర్చుని, చేతులు ఆనించకుండా లేవాలి. నొప్పి లేకపోతే ఎత్తు తగ్గించాలి. మా ఇంట్లో ఎత్తు స్టూలు ఒక్కటే, పై అర అందుకోవడానికి అమ్మ ఎక్కేది. దానిమీద ఈగ వాలినా ఊరుకోదు. కొత్తది చేయడానికి బద్ధకించి, మా ఆవిడకి కాస్త నయమైనప్పుడల్లా గుట్టుగా దాని కాళ్ళు కాస్త కోసేవాణ్ణి.

"ఒరేయ్, నేను కురచైపోతున్నానా? మొన్నటిదాకా పంచదార డబ్బా అందేది!"

"వయసమ్మా."

మా ఆవిడ నోట్లో తువ్వాలు కుక్కుకుని పారిపోయింది.

ఈరోజు ఫిజియో దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది, చేతిలో స్టూలుతో. ఇప్పుడది పీటంత ఉంది.

"వయసుకి రంపం గాట్లు పడతాయట్రా?"

నేను మా ఆవిడ వెనక్కి చేరాను. భుజాలు వెడల్పు, దాక్కోవడానికి భలే వీలు.

"నా కోసమే అత్తయ్యా! రేపటి నుంచి బార్ ఎత్తొచ్చట!"

అమ్మ స్టూలు కింద పెట్టింది. "ఏదీ, కూర్చుని చూపించు."

మా ఆవిడ చేతులు ముందుకు చాచి, మెల్లగా అంత కిందికీ దిగింది. ఆగింది. లేచింది. మొహంలో నొప్పి లేదు, నవ్వే.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా చెవి దొరికించుకుంది.

"ముందే చెబితే కోసేటప్పుడు నేనే పట్టుకునేదాన్ని కదరా! చూడు, స్టూలు ఒక కాలు కుంటుతోంది. నువ్వేం వడ్రంగివి?"

"అబ్బా, అమ్మా, చెవి!"

"రేపు పొద్దున్నే ముగ్గురం జిమ్‌కి వెళ్తున్నాం. కోడలు ఎత్తుతుంది, నేను చూస్తాను. వచ్చేటప్పుడు నువ్వు కలప కొంటావు. సాయంత్రానికి నాకు కొత్త స్టూలు కావాలి, పంచదార డబ్బా అందేంత ఎత్తుది!"